బాలమణి ఇంటి ముందు షూటింగ్

హైదరాబాదు వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా అమలాపురంలో కనబడ్డవాళ్ళంతా ఒకటే అడుగుతున్నారు. చార్మినార్ చూశావా, గోల్కొండ ఎక్కావా, బిరియానీ తిన్నావా అని. ఏదీ లేదు. నేను చూసింది ఉప్పల్, నాచారం. ఇంకా సరిగ్గా చెప్పాలంటే నాచారంలో ఒక గల్లీ, ఆ గల్లీ చివర పొంగి పొర్లుతున్న మురుగుగుంట. దాన్ని చూడ్డానికి అంత దూరం పోయావా వదినా అని మా ఆడపడుచు నవ్వింది. నవ్వనీ. అడిగిన ప్రతివాళ్ళకీ మొదట్నుంచీ చెప్పే ఓపిక లేక ఇదంతా రాస్తున్నాను.

నేను గ్రంథాలయంలో పనిచేస్తాను. సాయంత్రాలు నాటకాలు వేస్తాను. పరిషత్తు పోటీలకి మా సమాజం ఎక్కడికి వెళ్ళినా తల్లి వేషం నాదే. వరంగల్‌లో మా నాటకం చూసిన శ్రావణ్ అనే అబ్బాయి ఒకరోజు ఫోన్ చేసి, సినిమా తీస్తున్నానమ్మా, మీరే చెయ్యాలి అన్నాడు. కథ ఇదీ. ఫ్యాక్టరీలో పనిచేసే మనిషి చనిపోతాడు. అతని డెత్ సర్టిఫికెట్ కోసం భార్య ఆఫీసు చుట్టూ తిరుగుతుంది. ఎవరి చెయ్యీ తడపదు. చివరికి సర్టిఫికెట్ రాదు. అంతే. ఆఖర్న ఏదైనా కాస్త మంచి జరిగితే బాగుంటుందేమో బాబూ అన్నాను. బయట జరగట్లేదు కదమ్మా, సినిమాలో ఎట్లా జరిపియ్యాలె అన్నాడు. ఆ జవాబు నచ్చింది నాకు. సెలవు పెట్టి బయల్దేరాను.

ఉప్పల్ రింగ్ రోడ్డు

ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర దిగేసరికి తెల్లారి ఎండ ఎక్కింది. నాలుగు వైపుల నుంచీ బస్సులు, ఆటోలు, నెత్తిన మెట్రో, మధ్యలో జనం నడవడానికి ఆకాశంలో కట్టిన వంతెన. ఆ వంతెన ఎక్కితే ఎటు దిగాలో తెలీదు. నేను రెండుసార్లు దిగి, రెండుసార్లూ ఎక్కిన వైపే తేలాను. మూడోసారి ఒక కండక్టరమ్మ జాలిపడి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి సరైన మెట్ల దగ్గర వదిలింది.

దాహం వేసి కొబ్బరి బొండం అడిగాను. ధర చెప్పాడు. మా ఊళ్ళో ఆ డబ్బుకి మూడు బొండాలు వస్తాయి, మంచి నీళ్ళవి. ఇది మా వైపు నుంచి వచ్చిన కాయేనయ్యా అన్నాను, అలా అంటే తగ్గిస్తాడేమోనని. "అంత దూరం నుంచి వచ్చింది గదమ్మా, అందుకే గంత రేటు" అన్నాడు. తాగితే ఉప్పగా ఉంది.

ఆటోవాడు హబ్సిగూడకి ఒక రేటు చెప్పి, ఎక్కాక ట్రాఫిక్ అని ఇంకొంచెం అడిగాడు. ట్రాఫిక్ అక్కడ కొత్తగా ఈరోజే వచ్చినట్టు. ఇచ్చాను. సినిమాలో పైసా లంచం ఇవ్వని మనిషి వేషం వెయ్యడానికి వచ్చి, దిగీ దిగగానే నేను చేసిన పని అది.

హబ్సిగూడ

నాకు గది ఇచ్చింది ఒక కోచింగ్ సెంటర్ పైనున్న లాడ్జిలో. పక్కనే ఆడపిల్లల హాస్టల్. పొద్దున లేస్తే కింద నుంచి మైకులో లెక్కల పాఠం వినపడేది. లిఫ్టు పనిచెయ్యదు. అడిగితే రేపు బాగవుతుందనేవాడు మేనేజరు, నేను ఖాళీ చేసిన రోజు కూడా అదే అన్నాడు.

తిండి మాత్రం బాగానే ఉండేది. సందు మొదట్లో ఒకావిడ సర్వపిండి చేసి అమ్మేది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, ఉల్లికాడ కలిపి గిన్నె లోపలి గోడకే అద్ది కాలుస్తారు. మన తపేళా రొట్టెకి చెల్లెలనుకోండి, కారం మాత్రం అక్కలా ఉంటుంది.

నన్ను కారులో తీసుకెళ్ళడం, తేవడం మల్లేష్ పని. ప్రొడక్షన్ మేనేజర్ అంటారు అతన్ని. ఏది అడిగినా "అయిపోతది మేడం" అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు లాడ్జి లిఫ్టు గుర్తొచ్చేది. కానీ ఇతను చెప్పినవి నిజంగానే అయిపోయేవి. ఎలా అయ్యేవో తర్వాత తెలిసింది.

నాచారం

నాచారం అంటే ఫ్యాక్టరీల ఊరు. షిఫ్టు మారే వేళకి రోడ్డంతా టిఫిన్ డబ్బాలు పట్టుకున్న మనుషులే. మెయిన్ రోడ్డు దాటి లోపలికి పోతే మాత్రం ఇంకా పాత ఊరి ఇళ్ళు మిగిలున్నాయి. పొలాలు అమ్ముడైపోయాయి, మనుషులు అక్కడే ఉండిపోయారు. అలాంటి ఒక ఇంటిని శ్రావణ్ షూటింగుకి అద్దెకి తీసుకున్నాడు. గల్లీలో అదే చివరి ఇల్లు. ఇంటావిడ పేరు బాలమణి. అరవై దగ్గర పడుతుంటాయి.

మొదటి రోజు ఆమె మాకు మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. గుమ్మంలో కుర్చీ వేసుకుని కూచుని, లోపలికి పోయే ప్రతి లైటునీ, వైరునీ చూస్తూ, గోడకి మేకు కొడితే మళ్ళ సున్నం వేసి పోవాలె అని చెప్పేది. బాలమణి గారూ, కాస్త లోపల కూచోవచ్చా అని అడిగాను.

"గారు ఏంది? నేనేమన్న ఆఫీసర్నా? అక్క అను" అంది. అనేదాకా లోపలికి రానివ్వలేదు.

మా వైపు కొత్తవాళ్ళని నువ్వు అంటే తగువులైపోతాయి. అక్కడ మీరు అంటే అనుమానపడతారు. రెండో రోజుకి నేను అక్కా అన్నాను, ఆమె నన్ను చెల్లెను చేసింది.

ఇక మురుగు సంగతి. గల్లీలో కొత్తగా డ్రైనేజీ లైను వేశారు. ఆఫీసులో కట్టాల్సిన ఫీజు అందరూ కట్టారు, బాలమణి కూడా. అది కాక ఇంటింటికీ పైన ఇంత ఇవ్వాలని అక్కడొక లీడరు వసూలు చేశాడు. ఎప్పుడూ తెల్లచొక్కా వేసుకుంటాడు. పేరు పెట్టి పిలవరు, అందరికీ 'అన్న'. అందరూ ఇచ్చారు. బాలమణి ఇవ్వలేదు. ఆఫీసుల కట్టిన గద, మళ్ళ నీకెందుకు అంది. దాంతో లైను ఆమె పక్కింటి దాకా వచ్చి ఆగిపోయింది. గల్లీ పల్లం ఆమె ఇంటివైపే. ఎగువ ఇళ్ళ మురుగు నిండినప్పుడల్లా ఆమె వాకిట్లో పొంగుతుంది.

అలా రెండేళ్ళుగా. ఆమె అర్జీలు పెడుతూనే ఉంది. చిట్టచివరికి ఒక ఇంజనీరు వచ్చి చూసి, డబ్బు అడిగారన్న ఆరోపణ మీద కూడా విచారణ చేస్తాడని కబురొచ్చింది. మేం వెళ్ళింది సరిగ్గా ఆ వారం.

ఆమె కొడుకు నరేష్ అక్కడే ప్యాకింగ్ ఫ్యాక్టరీలో పని చేస్తాడు. నెమ్మదైనవాడు. భార్య పురుడు పోసుకోను భువనగిరిలో పుట్టింటికి వెళ్ళింది. ఆడపిల్ల పుట్టింది. పసిపిల్లని పట్టుకుని ఆ వాసనలోకి రానని అక్కడే ఉండిపోయింది. నరేష్ సెలవు దొరికిన రోజున పోయి బిడ్డని చూసొస్తాడు. ఇచ్చేద్దాం అమ్మా, ఒదిలిపోతది అని ఎన్నోసార్లు అడిగాడట. నువ్వు గనక ఇస్తే నన్ను అమ్మా అనకు అని ఆమె అతని చేత ఒట్టు వేయించుకుంది. ఇది నాకు నరేషే చెప్పాడు, తల్లి లోపలికెళ్ళిన సమయం చూసి.

నిజం చెప్పాలంటే నాకు ఆ రోజుల్లో ఆమె మీద విసుగే. మనవరాలిని కూడా చూడకుండా ఇంత పంతమా అనిపించేది. పైగా మా షూటింగులో వేలు పెట్టేది. నేను ఆఫీసు నుంచి వట్టి చేతులతో ఇంటికొచ్చి గోడకి ఆనుకుని ఏడ్చే సీను ఒకటుంది. మూడుసార్లు ఏడ్చాను. శ్రావణ్ చాలా బాగుందమ్మా అన్నాడు. బాలమణి కుర్చీలోంచి, "ఆమె ఎందుకు ఏడుస్తున్నది?" అని అడిగింది. పని కాలేదు కదా అక్కా అన్నాను. "రేపు మళ్ళ పొద్దుగాల్నే పోయి లైన్ల నిలబడాలె గద. ఏడుసుకుంట కూసుంటె అన్నం ఎప్పుడు వండుకుంటది?" అంది. శ్రావణ్ నవ్వి ఊరుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది.

చాయ్ హోటల్

వాసనకి సౌండు చూసే అబ్బాయి రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. గల్లీ జనం గుమిగూడి ఎవరి పర్మిషన్‌తో తీస్తున్నారని అడగడం మొదలైంది. ఆ సాయంత్రం మల్లేష్ నన్ను లాడ్జికి తీసుకెళ్తూ, దారిలో ఒక చాయ్ హోటల్ ముందు కారాపాడు. చాయ్ తాగండి మేడం అని, ఉస్మానియా బిస్కెట్లు కూడా తెచ్చిచ్చాడు. బిస్కెట్ ఉప్పగా, తియ్యగా ఉంది, చాయ్‌లో ముంచితే చటుక్కున విరిగి అడుక్కి పోయింది. నేను దాన్ని వేలితో తీసే ప్రయత్నంలో ఉండగా ముందు తలుపు తీసి ఒకాయన కూచున్నాడు. తెల్లచొక్కా.

నేను వెనక సీట్లో ఉన్నా నన్ను పట్టించుకోలేదు. మల్లేష్ డాష్‌బోర్డులోంచి ఒక కవరు తీసి ఇచ్చాడు. ఆయన లెక్కపెట్టకుండానే జేబులో పెట్టుకున్నాడు. షూటింగు అయ్యేదాకా ఎవరూ మీ దిక్కు రారు అన్నాడు. వాసన సంగతి అని మల్లేష్ నసిగాడు.

"ఆ ముసలమ్మ మోరి పని గూడ జేపిస్త. ఫికర్ చెయ్యకు" అన్నాడాయన. దిగి వెళ్ళిపోయాడు.

ఏమిటిది మల్లేష్ అని అడిగాను. లొకేషన్ ఖర్చు మేడం, ఏ సినిమాకైనా తప్పదు అన్నాడు. శ్రావణ్‌కి తెలుసా అంటే తెలుసన్నాడు. పర్మిషన్ కోసం ఇచ్చారు కాబోలు అనుకున్నాను. మోరీ అంటే మురుగుకాలువ. ఆ పని అన్న మాట చెవిన పడింది కానీ, దాని వెనక ఏముందో అప్పుడు తట్టలేదు. పొద్దున్నుంచీ ఏడ్చి ఏడ్చి తల పగిలిపోతోంది. కళ్ళు మూసుకున్నాను.

మౌలాలి

మర్నాడు నాచారంలో షూటింగ్ లేదు, మౌలాలిలో అన్నారు. బాలమణి చెల్లెలు అక్కడే పాత కాలనీలో ఉంటుంది. మీరెట్లాగూ పోతున్నరు గద అని ఆమె కూడా మా కారెక్కింది. తర్వాత ఆలోచిస్తే ఆ రోజు షూటింగు అక్కడికి ఎందుకు మార్చారో అర్థమైంది. అప్పుడు మాత్రం హాయిగా కిటికీ పక్కన కూచున్నాను.

రైలు పట్టాల పక్కన నేను నడుచుకుంటూ పోయే సీను తీశారు. ఒక గూడ్సు బండి వస్తే దాన్ని వాడుకుందామని కూచున్నాం. రమ్మన్నప్పుడు రాలేదు, అన్నానికి లేవగానే వచ్చింది. మధ్యాహ్నం పని అయిపోయాక బాలమణి నన్ను గుట్ట మీది దర్గాకి లాక్కెళ్ళింది. ఆ బండరాతి మీద మెట్లు ఎక్కుతుంటే నా మోకాళ్ళు మొత్తుకున్నాయి. ఆమె మాత్రం ఆగాగి నాకోసం చూస్తూ, మీ దిక్కు గుట్టలు ఉండవా చెల్లె అని అడిగింది. మా వైపు ఎత్తైనది ఏదైనా ఉందంటే కొబ్బరిచెట్టే అన్నాను. మొదటిసారి ఆమె నవ్వడం చూశాను.

చిన్నప్పుడు నాన్న భుజాల మీద ఎక్కొచ్చేదాన్నని చెప్పింది. పంట బాగుంటే మొక్కు తీర్చుకోను ఎడ్లబండిలో వచ్చేవాళ్ళట. పైన కూచుని ఆమె కిందికి చూపిస్తూ, అగో ఆ దిక్కు మా జొన్నచేను ఉండేది అంది. అక్కడ రేకుల షెడ్లు కనిపించాయి. ఏం మొక్కుకున్నావక్కా అని అడిగాను. ఇంజనీరు వచ్చే రోజు వాన పడొద్దని మొక్కుకుందట. వాన పడితే ఎవరూ రారు, మళ్ళీ కొత్త తేదీ ఇస్తారు.

మళ్ళీ నాచారం

సాయంత్రం తిరిగొచ్చేసరికి గల్లీలో కొత్త మట్టి. బాలమణి వాకిట్లో గుంట లేదు. పక్కింటి నుంచి ఆమె ఇంటి దాకా పైపు కలిపేసి, పైన సిమెంటు కూడా రాసేశారు. అది ఇంకా ఆరలేదు. వాసన కూడా లేదు. నేను సంతోషపడబోయాను.

ఎదురింటావిడ మెట్ల మీద కూచుని బియ్యం ఏరుకుంటోంది. "ఆఖరికి పైసలు ఇచ్చినవట గద బాలమణక్క. ముందుగాలే ఇస్తే అయిపోతుండె గద" అంది. ఎగతాళిగా కాదు, మామూలుగానే.

బాలమణి లోపలికెళ్ళింది. నరేష్ డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. ఎవరిని అడిగి ఇచ్చినవ్ అంది. నేను ఇయ్యలే అమ్మా అన్నాడు. బిడ్డ మీద ఒట్టు వెయ్యమంది. పసిపిల్ల మీద ఒట్టు వెయ్యను అన్నాడు. అయితే నువ్వే అంది. రెండేళ్ళు పీ కంపుల కూసున్న, రేపటికి ఒక్కరోజు ఓపిక పట్టలేకపోతివి, ఇప్పుడు ఆ ఇంజనీరు వస్తే నేను అబద్ధాలకోరునై నిలబడాలె అంది. గొంతు పెంచలేదు. అతను తడి కాళ్ళతోనే చెప్పులేసుకుని బయటికి నడిచాడు.

కవరు, తెల్లచొక్కా, మోరి పని, మౌలాలి షూటింగు. అన్నీ నాకప్పుడు ఒకదానికొకటి అతుక్కున్నాయి. తెల్లచొక్కా ఆయన మావాళ్ళిచ్చిన డబ్బు పట్టుకుని, ఇంజనీరు రావడానికి ముందురోజే పైపు కలిపించి, ఆమే ఇచ్చిందని గల్లీ అంతా చెప్పించాడు. ఫిర్యాదూ పోయింది, ఫిర్యాదు చేసిన మనిషి మాటా పోయింది. అదంతా ఒక్క పూటలో.

"అక్కా, మీ అబ్బాయి ఇవ్వలేదు" అన్నాను. "మావాళ్ళు ఇచ్చారు. నేను చూశాను."

చూసింది చూసినట్టు చెప్పాను. ఆమె చెప్పుల కోసం వెతుక్కుంది. కొడుకు వెనకాల గల్లీ చివరిదాకా పోయింది. ఏం మాట్లాడుకున్నారో వినలేదు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం అతను ఆమె పక్కనే నడుస్తున్నాడు. లోపలికొచ్చి, రేపు ఇంజనీరు ముంగట ఇదే మాట చెప్తవా చెల్లె అని అడిగింది.

చెప్తానన్నాను. ఆ నిమిషంలో అది పెద్ద విషయంగా అనిపించలేదు.

లాడ్జికి వచ్చేసరికి శ్రావణ్ మెట్ల మీద కూచుని ఉన్నాడు. మల్లేష్ చెప్పేశాడు కాబోలు. జనగామ దగ్గర పల్లెటూరి నుంచి వచ్చిన అబ్బాయి, ఈ సినిమా కోసం ఉద్యోగం మానేశాడు. రెండేళ్ళ నుంచి దీని మీదే బతుకుతున్నాడు. మీరు నోరు విప్పితే రేపటి నుంచి ఆ గల్లీలో కెమెరా పెట్టనియ్యరమ్మా అన్నాడు. ఆ ఇంట్లో ఇంకా సగం సీన్లు ఉన్నాయి. ఇట్లాంటి సినిమా జనం దగ్గరికి పోవాలంటే గింత చిన్న తప్పు తప్పదు, ఆమెకు కూడా మోరి అయిపోయింది కదా, ఎవరికీ నష్టం లేదు కదా అన్నాడు.

మన సినిమాలో బ్రోకరు నాతో చెప్పే డైలాగు కూడా దగ్గర దగ్గర ఇదే బాబూ అన్నాను. అతని మొహం వాడిపోయింది. అనకుండా ఉండాల్సింది, పాపం అనిపించింది. కానీ కోపం దిగలేదు. మీరు పర్మిషన్ కోసం ఇచ్చుకుంటే మీ ఇష్టం, ఆమె మోరీ గురించి మీరెందుకు మాట్లాడారు అని అడిగాను. వాసన కోసమమ్మా, సౌండు అబ్బాయి కోసం అన్నాడు. పోయి పడుకోమన్నాను.

ఇంజనీరు

వాన పడలేదు. ఇంజనీరు స్కూటరు మీద వచ్చాడు. టోపీ పెట్టుకున్న సన్నపాటి మనిషి. కోపిష్టి కాడు, మర్యాదస్తుడే. కొత్త సిమెంటు చూశాడు, ఫోనులో ఫొటో తీసుకున్నాడు, సంచిలోంచి కాగితం తీశాడు.

"లైన్ కలిసింది గదమ్మా. సంతకం పెట్టు" అన్నాడు.

ఎవరు కలిపిన్రు, ఏ ఆర్డరు మీద కలిపిన్రు అంది బాలమణి. అదంతా నీకెందుకమ్మా, నీకు కావల్సింది అయింది కదా అన్నాడు. నేను పైపు తియ్యమంట లేను సారు, ఎట్ల వేసిన్రో రాయమంటున్న అంది. గల్లీవాళ్ళు తలుపుల్లో నిలబడి చూస్తున్నారు. గల్లీ మొదట్లో, బండి మీద కాలు నేలకానించుకుని తెల్లచొక్కా ఆయన కూడా చూస్తున్నాడు. మల్లేష్ కారు పక్కన ఉన్నాడు. శ్రావణ్ రాలేదు.

బాలమణి నావైపు తిరిగింది. నేను ముందుకు వచ్చి చీర కొంగు సర్దుకున్నాను. నాటకంలో అలవాటు అది. ఆమె కనిపెట్టింది.

"సినిమాల చెప్పినట్టు చెప్పకు చెల్లె" అంది. "మామూలుగ చెప్పు."

వేలమంది ముందు స్టేజీ మీద మాట్లాడినదాన్ని. అక్కడ పదిహేను గడపల ముందు నా గొంతు పీలగా, ఎవరిదోలా వచ్చింది. కారు, చాయ్ హోటలు, కవరు, మోరి పని చేపిస్తానన్న మాట. ఎవరు ఇచ్చారు, ఎవరు తీసుకున్నారు. ఇంతే చెప్పాను. తీసుకున్నాయన ఎవరు అని ఇంజనీరు అడిగాడు. చేత్తో చూపించాను. బండి మీద ఆయన నవ్వాడు, ఎటూ కదల్లేదు.

ఇంజనీరు టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. మీదేవూరమ్మా అన్నాడు. అమలాపురం అంటే, అంత దూరం నుంచి వచ్చి మా మోరీలో ఎందుకు పడ్డరు అన్నాడు, నిజంగానే అర్థం కానట్టు. తర్వాత నిట్టూర్చి రాయడం మొదలుపెట్టాడు. చాలాసేపు రాశాడు. పూర్తయ్యాక బాలమణి కొడుకు చేత మొత్తం చదివించుకుని, రెండు మాటలు మార్పించి, అప్పుడు సంతకం పెట్టింది. నేనూ పెట్టాను.

ఇంజనీరు వెళ్ళగానే తెల్లచొక్కా ఆయన మల్లేష్‌ని పిలిచి ఏదో చెప్పాడు. పొద్దెక్కేసరికి లైట్లు విప్పేశారు. మేకులు కొట్టిన చోట సున్నం వెయ్యడానికి కూడా టైమివ్వలేదు. బాలమణి దాన్ని గురించి ఏమీ అనలేదు. నన్ను మాత్రం పోనివ్వలేదు. కింద చాప వేసి జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. పచ్చిపులుసు అంటే చింతపండు నీళ్ళలో ఉల్లిపాయ, మిరపకాయ పిసికి అలాగే పోసుకోవడం. పొయ్యి మీద పెట్టరు. పులుసు అంటే చేప ఉండాలనుకునే ఊరు మాది. నేను రెండుసార్లు పోయించుకున్నాను. తింటున్నంతసేపూ ఆమె నాకు థాంక్స్ లాంటిది ఒక్క మాట చెప్పలేదు. ఇంకో రొట్టె వేసుకో అని మాత్రం అంటూ ఉంది.

నారపల్లి

మిగిలిన సీన్లు నారపల్లిలో తీశారు. ఉప్పల్ నుంచి వరంగల్ రోడ్డు మీద, పైవంతెన స్తంభాల కింద దుమ్ము తింటూ పోవాలి. ఒకప్పటి పొలాల్లో ఇప్పుడు రాళ్ళు పాతి ప్లాట్లు చేశారు. మధ్యలో కొత్త ఇళ్ళు రెండు మూడు. వాటిలో ఒకటి అద్దెకి తీసుకుని, బాలమణి ఇల్లులా కనబడాలని గోడలకి మసి పూశారు. ఎంత పూసినా కొత్త ఇల్లే కనబడుతోంది. కెమెరా అబ్బాయి మొత్తుకున్నాడు.

శ్రావణ్ నాతో అవసరం ఉన్నంతే మాట్లాడేవాడు. అమ్మా అనడం మానేసి మేడం అన్నాడు. నాకు కష్టంగానే ఉండేది. నాటకాల్లో ఇలాంటివి ఒక పూటలో పోతాయి, ఒకే బస్సులో ఊరికి వెళ్ళాలి కనక. ఇక్కడ ఎవరి కారు వాళ్ళది.

ఆఖరి సీను. ఆమె కౌంటరు దగ్గర నిలబడి ఉంటుంది, లోపలి నుంచి కిటికీ మూసేస్తారు. ఆమె మెట్ల మీద కూలబడి గుండెలు బాదుకుని ఏడవాలి. రిహార్సల్లో ఏడ్చాను. టేకులో ఏడవలేదు. కిటికీ మూసేశాక కాసేపు దాన్నే చూసి, సంచి సర్దుకుని, గోడ మీద ఆఫీసు టైము రాసి ఉంటే దగ్గరికి పోయి చదువుకున్నాను. చదివి నడిచాను. కట్ చెప్పడం మర్చిపోయాడు శ్రావణ్. చివరికి చెప్పాడు. ఇంకో టేకు అంటాడని నిలబడ్డాను. అనలేదు. కుర్చీలోంచి లేచి వచ్చి, ఇట్లనే ఉంచుదాం అమ్మా అన్నాడు.

ఆ సాయంత్రం బస్సెక్కే ముందు నాచారం వెళ్ళొచ్చాను. కోడలు భువనగిరి నుంచి వచ్చేసింది. బాలమణి మనవరాలిని కాళ్ళ మీద వేసుకుని నూనె రాస్తోంది. చేతులు ఖాళీ లేవని నాతో గుమ్మందాకా కూడా రాలేదు.

అమలాపురం

నేనొచ్చి నెల దాటింది. సినిమా ఎప్పుడొస్తుందో తెలీదు. ఎవరూ కొనట్లేదని శ్రావణ్ చెప్పాడు. చివర కాస్త మంచి జరిగినట్టు మార్చమంటున్నారట. మార్చనన్నాడట.

నిన్న మధ్యాహ్నం గ్రంథాలయంలో ఉండగా బాలమణి ఫోన్ చేసింది. ఆ ఇంజనీరుకి బదిలీ అయిందట. కొత్తగా వచ్చినాయన ఆ పాత విచారణతో నాకు సంబంధం లేదు, కావాలంటే మళ్ళీ మొదటి నుంచి అర్జీ పెట్టుకో అన్నాడట. తెల్లచొక్కా ఆయన రోజూ గల్లీలోంచే పోతున్నాడట, నమస్తే కూడా పెడుతున్నాడట. వింటుంటే నాకు చేతిలో పుస్తకం విసిరికొట్టాలనిపించింది. అంత ఇదై, షూటింగు పోగొట్టి, ఆ పిల్లాడి మనసు కష్టపెట్టి, గల్లీ అంతా వింటుండగా చెప్పి, చివరికి మొదటికే వచ్చిందా అన్నాను. నా గొంతు పెరిగినట్టుంది, చదువుకునేవాళ్ళు తలలెత్తి చూశారు.

ఆమెకి మాత్రం కోపం లేదు. "పెట్టిన" అంది. అర్జీ మళ్ళీ పెట్టేసిందట. ఎదురింటావిడ కూడా సంతకం చేసిందట, మేమూ ఇచ్చినం అని. సాక్షి అన్న చోట నా పేరు, ఊరు రాయించిందట.

"పిలిస్తే రావాలె చెల్లె" అంది.

సెలవులు అయిపోయాయి. మోకాళ్ళ నొప్పులు తగ్గలేదు. ఇవన్నీ నోటిదాకా వచ్చాయి. ఎప్పుడు పిలుస్తారో కాస్త ముందుగా కనుక్కో అక్కా, ఇక్కడ సెలవు దొరకాలి అన్నాను.

"వాళ్ళు ముందుగాల ఏడ చెప్తరు" అంది. "నువ్వు బ్యాగు సదురుకోని పెట్టుకో."